కింద పడ్డవాడి మొహం

హద్రుమేతం, మే నెల మూడో తేదీ

తమ్ముడు బారిక్‌కు అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగుంటే సంతోషం, బాగాలేకపోయినా పని మాత్రం ఆపకు.

ఇద్దిబాల్ కంచరగాడిదల బండిలో నువ్వడిగిన రాయి పంపుతున్నాను. నలుపు, తెలుపు, ఎరుపు పలుకులు కొట్టించి సంచుల్లో కట్టించాను. పసుపు మాత్రం ఇంతే ఉంది. ఒక్క భోజనాల గది నేలకి ఇంత పసుపు రాయి ఎలా మింగుతున్నావో నాకు అంతుపట్టడం లేదు. ఇంతకంటే తక్కువ పసుపుతో నాన్న ఈ ఊళ్ళో సగం ఇళ్ళ నేలల మీద రాతి పలుకులు పేర్చి చిరుతపులుల్ని పరిచాడు. ఒంటికి పసుపు, పైన నల్ల చుక్కలు, అయిపోయింది చిరుత. నాన్న గీసిన పటం నీ సంచిలోనే ఉంది. దాన్ని చూసి పరుచుకుపో. కొత్త పోకడలు పోయావంటే ఊరుకోను. మన కొట్టు చిరుతని చూడగానే ఇది మన కొట్టు చిరుత అని జనం గుర్తుపట్టాలి.

ఇంకో మాట. ఊరూరా పులులతో ఆటలాడే ఆ వేటగాళ్ళ మేళం నువ్వున్న ఊళ్ళోనే వచ్చి దిగిందని సంతలో అనుకుంటున్నారు. దిగితే దిగింది. వాడి సంగతి నాకు రాయకు. తండ్రి లేని పిల్లాడని కళ్ళలో పెట్టుకుని పెంచి, పని నేర్పి, కొట్టు నీదేరా అంటే, "రాతిపులుల్ని పేర్చి పేర్చి విసుగెత్తిందమ్మా, నిజం పులిని చూస్తాను" అని ఈటె పట్టుకుపోయిన కొడుకు నాకు కొడుకు కాడు. నా మట్టుకు నేను వాడికి నీళ్ళు వదిలేశాను.

ఎండు అత్తిపళ్ళు దంచి, నువ్వులేసి ఉండలు చేసి పంపుతున్నాను. నీకు తీపి పడదని తెలుసు. నువ్వు తినకపోతే ఎవరికైనా పెట్టెయ్. ఎవరికని నన్ను అడగకు.

సిద్దినా


థిస్ద్రుస్, మే పన్నెండు

అక్కకు బారిక్ నమస్కారాలు. బతికే ఉన్నాను. అంతకంటే గొప్పగా చెప్పుకోడానికి ఇక్కడేమీ లేదు.

ఈ ఇంటి యజమాని సెర్వాందుస్ దొరతో నేను వేగలేకపోతున్నానక్కా. వచ్చే నెల ఇరవై దాటాక ఈయన సొంత ఖర్చుతో ఊరికి వేట ఆట పెడుతున్నాడు, బరి ఇసుకలో చిరుతల్నీ వేటగాళ్ళనీ దింపి. ఆట అయిన సాయంత్రమే ఇంట్లో పెద్దలకి విందు. ఆ పెద్దలు పడకల మీద ఒరిగి తింటూ కిందికి చూస్తే, ఆ రోజు ఆటంతా నేల మీద కనబడాలట. ఏ చిరుత ఎలా చచ్చింది, ఏ వేటగాడు ఎలా పొడిచాడు, అన్నీ పేర్లతో సహా. "ఆట ఇంకా జరగలేదు కదండీ" అన్నాను. "జరిగాక పరిస్తే సాయంత్రానికి గచ్చు ఆరుతుందా?" అన్నాడు. నన్ను పిచ్చివాడిలా చూశాడు. ఇక్కడ గొప్పవాళ్ళందరూ ఇలాగే చేయిస్తారట. దొడ్లో మాంసం తింటూ హాయిగా ఉన్న చిరుతల్ని నేనిక్కడ నెత్తురు కక్కిస్తున్నాను. వాటిలో పెద్దదాని పేరు వేలోక్స్. దొర రోజూ బోను దగ్గరికి వెళ్ళి, "ఒరేయ్ వేలోక్స్, నువ్వు నేల మధ్యలో ఉన్నావురా, పరువు నిలబెట్టు" అని చెప్పి వస్తున్నాడు.

దొరసానిదింకో గోల. అన్నం దగ్గర నెత్తురేమిటి, నెమళ్ళు పెట్టమంటుంది. ఇద్దరి మాటా కాదనలేక చుట్టూ అంచులో నెమళ్ళు పెట్టాను. ఇప్పుడు దొరొచ్చి, "మనుషులు చస్తుంటే ఈ నెమళ్ళు నవ్వుతున్నాయేమిటయ్యా?" అంటున్నాడు. నెమలి నవ్వడం నువ్వెప్పుడైనా చూశావా అక్కా?

పసుపు సంగతి చెప్తాను, కోప్పడకు. చిరుతని దగ్గరనుంచి చూశాను. దాని ఒంటి మీద చుక్కలు లేవు. ఉంగరాలున్నాయి. నల్లటి ఉంగరం, లోపల ముదురు పసుపు, బయట లేత పసుపు. నాన్న తన జన్మలో చిరుతని చూడలేదక్కా. ఎవరో గీసినదాన్ని చూసి ఆయన గీశాడు, ఆయన్ని చూసి మనం పరిచాం. అందుకే రెండు రకాల పసుపు కావాలి.

అసలు తలనొప్పి వేరే ఉంది. వేటగాళ్ళలో ఒక్కడైనా కింద పడ్డట్టు లేకపోతే ముసలి పులుల్ని చవగ్గా తెచ్చాడంటారట. కాబట్టి ఒకడు వేలోక్స్ కింద పడి ఉండాలి. ఎవడో నువ్వే చూసుకో అన్నాడు దొర. రాతిలో పడ్డవాడు ఇసుకలోనూ పడతాడని ఈ మేళం వాళ్ళకి గట్టి నమ్మకం. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఒకడు కోడిని తెచ్చి ఇచ్చాడు. ఇంకొకడు ఈటె తెచ్చి, ఇవ్వకుండా చూపించి వెళ్ళాడు. మేళం నాయకుడు తన పెళ్ళాన్నీ పిల్లల్నీ తెచ్చి నా ఎదుట వరసగా నిలబెట్టాడు. ఆ మొహం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేసి, చుట్టూ పరుచుకుంటూ పోతున్నాను.

నువ్వు పేరెత్తవు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. నంఫామో ఇక్కడే ఉన్నాడు. చిక్కాడు గానీ బాగానే ఉన్నాడు. నీ అత్తిపళ్ళ ఉండలు నిలబడ్డ చోటే అన్నీ తినేశాడు. "అమ్మ నా గురించి ఏమైనా రాసిందా మామా?" అని పొద్దస్తమానం ప్రాణం తీస్తుంటే, దొర మీద కోపంలో ఉన్నానేమో, "రాసింది, నీకు నీళ్ళు వదిలేశానని రాసింది" అనేశాను. వాడు చేతికంటిన నువ్వులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నీ తమ్ముడు బారిక్


హద్రుమేతం, మే ఇరవై

బారిక్‌కు సిద్దినా రాయునది. దీవెనలు ఈసారికి లేవు.

ఒరేయ్, నీకు బుద్ధి ఉందా? అక్క కోపంలో ఒక మాట అంటే దాన్ని మూటగట్టి తీసుకెళ్ళి వాడి నెత్తి మీద దింపుతావా? నువ్వేమైనా ఇద్దిబాల్ కంచరగాడిదవా, ఏది ఎత్తితే అది మోసుకుపోవడానికి? అత్తిపళ్ళ ఉండలు నేను పంపానని చెప్పావా, లేక అది మింగేసి ఇది మాత్రం చెప్పావా? చెప్పే ఉండవు. నీ సంగతి నాకు తెలియదూ!

చిరుతకి ఉంగరాలట! నాన్న చెయ్యి పట్టుకుని పలుకు పెట్టడం నేర్చుకున్నవాడివి, ఒక్క చిరుతని చూసి నాన్నకే వంక పెడుతున్నావు. ఆ చిరుతకేదైనా రోగమేమో. ఎండలో తిప్పి తెచ్చి ఉంటారు, చుక్కలు మాసిపోయి ఉంటాయి. బోనులో ఉన్న జంతువును చూసి పాఠాలు నేర్చుకుంటే పనైనట్టే.

కింద పడేవాడి మొహం గురించి రాశావు. ఎవడి మొహం పెట్టుకుంటావో నాకనవసరం. కోడి తెచ్చినవాడిది పెట్టు, ఈటె చూపించినవాడిది పెట్టు, నీ మొహమే పెట్టుకో. వాడిది మాత్రం పెట్టకు. నాకు అలాంటి నమ్మకాలేమీ లేవు. అయినా పెట్టకు. మళ్ళీ చెప్తున్నాను, పెట్టకు.

ఇద్దిబాల్ బండికి ఇరుసు విరిగింది. బాగయ్యేదాకా ఈ ఉత్తరం ఇక్కడే పడి ఉంటుంది. దేనికీ కాలం కలిసిరాదు నాకు.

సిద్దినా


థిస్ద్రుస్, మే ఇరవై ఆరు

అక్కకు బారిక్ నమస్కారాలు. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఉంగరాల మీద అలిగావని అర్థమైంది.

అలక తర్వాత తీరుస్తాను. పని మాత్రం ఒక కొలిక్కి వచ్చింది. మొహం పెట్టేశాను. ఎవరిదని అడుగుతావు, చెప్తాను, కూర్చుని చదువు.

మొన్న దొరొచ్చి ఖాళీ చూసి చిందులేశాడు. సాయంత్రంలోగా మొహం పెట్టకపోతే వేరే కొట్టుని పిలుస్తానన్నాడు. ఆ గొడవంతా గుమ్మంలో నిలబడి నంఫామో విన్నాడు. దొర వెళ్ళాక లోపలికొచ్చి, "నాది పెట్టు మామా" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. "ఆ ముగ్గురికీ ఇళ్ళ దగ్గర ఏడ్చేవాళ్ళున్నారు. నాకు మా అమ్మ ఎలాగూ నీళ్ళు వదిలేసిందిగా, కొత్తగా పోయేదేముంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడక్కా. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. కసిరాను, తిట్టాను, అమ్మ మాటలకి అర్థాలు వెతక్కురా అన్నాను. వినలేదు. నీ కడుపున పుట్టినవాడు వింటాడా?

చెంపలూ గడ్డమూ నేను పేర్చాను. కళ్ళు మాత్రం వాడే కూర్చుని పేర్చుకున్నాడు. మూడేళ్ళు ఈటె పట్టిన చెయ్యి, ఒక్క పలుకు కూడా తడబడలేదు. నువ్వు నేర్పిన కళ్ళే. చూస్తే ఒప్పుకుంటావు.

రాయి రాయే అక్కా, దానివల్ల ఏమీ కాదు. నేను రోజుకి పదిసార్లు ఇదే చెప్పుకుంటున్నాను.

వేలోక్స్ వెనక కాళ్ళ దగ్గర పసుపు అయిపోయింది. నువ్వు పంపేదాకా ఆగనని దొర నన్నే సిమిత్తు గనులకి తరుముతున్నాడు. రేపే బయల్దేరుతున్నాను. ఆట నాటికి తిరిగొస్తాను, గనివాళ్ళు కరుణిస్తే.

బారిక్


హద్రుమేతం, జూన్ ఐదు

బారిక్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇరుసు బాగైంది, చదివిన వెంటనే ఇద్దిబాల్‌ని బండి కట్టమన్నాను. నా సుత్తీ ఉలీ నేను తెచ్చుకుంటున్నాను. నువ్వు పరిచింది నేను పెళ్ళగిస్తాను. అడ్డొస్తే నీ దొర బుర్ర కూడా పెళ్ళగిస్తాను.

ఈ చీటీ నీకు అందుతుందో లేదో తెలియదు. అందకపోయినా ఫర్వాలేదు.

సిద్దినా


సిమిత్తు, జూన్ పద్నాలుగు

అక్కకు, థిస్ద్రుస్‌లో సెర్వాందుస్ దొరగారింట్లో ఎక్కడున్నా సరే, తమ్ముడు బారిక్ కాళ్ళు పట్టుకుని రాయునది.

గనుల దగ్గరికి వచ్చిన బండివాళ్ళు చెప్పారు, హద్రుమేతం నుంచి ఒకావిడ సుత్తి పట్టుకుని మా దొరింట్లో దిగిందని. ఎవరని అడగక్కర్లేకపోయింది. అక్కా, ఉంగరాల కోసం ఇంత దూరం వస్తారా ఎవరైనా? కావాలంటే వచ్చే చిరుతలన్నిటికీ చుక్కలే పెడతాను, ఒట్టు. నేను తప్పే చేశాననుకో, నాన్న పరువు తీశాననుకో, కానీ నా వేలోక్స్ జోలికి మాత్రం పోకు. నా జన్మలో అంత బాగా వచ్చిన జంతువు ఇంకోటి లేదు. ఆ భుజం చూడు, దూకేటప్పుడు చర్మం కింద కండ ఎలా కదులుతోందో చూడు, ఆ తర్వాత నీకు చెయ్యి ఎలా వస్తుందో పెళ్ళగించు.

గచ్చు గట్టిపడిపోయి ఉంటుంది. ఒక ముక్క లేపబోతే చుట్టూ పది లేస్తాయి. దొర మనల్ని కోర్టుకీడుస్తాడు. కోపం దిగమింగి, ఇంటికి వెళ్ళి, నన్ను అక్కడే తిట్టు. ఎంతసేపు తిట్టినా పడతాను.

ఇక్కడ గని పెత్తందారు మంచి పసుపంతా రోముకే అంటున్నాడు. రోజూ రేపు రమ్మంటున్నాడు. ఆట నాటికి చేరతానన్న ఆశ పోయింది. నంఫామోను ఒకసారి చూడు. వాడితో మాట్లాడకపోయినా చూడు.

బారిక్


థిస్ద్రుస్, జూన్ ఇరవై ఎనిమిది

తమ్ముడు బారిక్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉంగరాల కోసం వచ్చానట! నీకు చిన్నప్పట్నుంచీ అంతే, ఇల్లు కాలుతుంటే నీ బంతి గురించే నీ బాధ. నీ ఉంగరాల సంగతి ముందే తేల్చేస్తాను. బోను దగ్గరికి వెళ్ళి చూశాను. ఉంగరాలే. నాన్న తప్పే పరిచాడు, నేనూ తప్పే పరిచాను. ఈ మాట నా నోట రెండోసారి రాదు, కాబట్టి ఉత్తరం దాచుకో.

వచ్చిన రోజు ఇంటి పెత్తందారు గుమ్మంలో ఆపాడు. "రాళ్ళు పరిచే బారిక్ అక్కని, మిగిలిన పని నాది" అని సుత్తి చూపిస్తే వదిలాడు. గదిలోకి వెళ్ళి చూశాను. ఎంత బాగా పరిచావురా, దిక్కుమాలినవాడా. ఆ చిరుత మీదికి దూకుతుందేమోనని నేనే ఒకడుగు వెనక్కి వేశాను. దాని కింద వాడు. ఆ కళ్ళు ఎవరు పేర్చారో నువ్వు రాయకపోయినా తెలిసేది. కంటి మూల తెల్ల పలుకుని ఏటవాలుగా పెట్టడం ఎన్ని దెబ్బలు తిని నేర్చుకున్నాడని! ఆ పలుకుని వేలితో ఒకసారి తడిమాను. తర్వాత ఉలి పెట్టాను.

నువ్వన్నట్టే ఒకటి లేపితే పది లేచాయి. మొహం పోయింది, భుజాలు పోయాయి, నడుందాకా పోయాడు. లేచిన పలుకులు చెంగులో వేసుకుంటున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. తలెత్తకుండానే తెలిసింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కనబడటం లేదా? పాడుచేస్తున్నాను."

"దొర చూస్తే చంపేస్తాడు."

"చంపనీ. నువ్వు పోయినవాడివిగా, నీకెందుకు?"

"నువ్వే కదా అన్నావు."

"అంటాను! వెయ్యి అంటాను. అమ్మ అన్నదల్లా రాతిలో పరుచుకుంటారట్రా ఎవరైనా?"

ఇంకా చాలా అన్నాను. మూడేళ్ళ బాకీ ఉంది కదా, వడ్డీతో సహా అన్నాను. వాడు వింటూ వింటూ వచ్చి పక్కన కూర్చున్నాడు, సున్నం కలిపాడు, తెల్ల పలుకులు అందించడం మొదలుపెట్టాడు. మేం అమ్మా కొడుకులం మిగిలిన కాళ్ళు కూడా లేపేసి, ఆ మనిషి ఉన్న చోటంతా ఉత్త తెల్లనేల పరిచేశాం. వేలోక్స్ వెనక కాళ్ళు కూడా ఉన్న పసుపుతో ముగించేశాం. నీ పసుపు కోసం ఎవరూ కాచుకుని కూర్చోలేదు.

తర్వాత దొరొచ్చాడు. ఆయన అరుపుకి నీ నెమళ్ళు కూడా నవ్వడం మానేసి ఉంటాయి. "మనిషేడీ? చిరుత కింద మనిషి ఏడీ?" అని ఒకటే గోల. "తప్పించుకున్నాడు దొరా" అన్నాను. "అంత పులి అంత దూకు దూకితే, అంతకంటే చురుగ్గా పక్కకి దూకేశాడు. ముసలి పులైతే తప్పించుకోడానికి అంత హడావిడెందుకు? మీ పులి ఎంత గొప్పదో ఈ ఖాళీయే చెప్తుంది" అన్నాను. దొర గడ్డం గోక్కున్నాడు. నేల చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత విందులో అదంతా తన ఊహేనని అతిథులకి చెప్పుకున్నాడట. చెప్పుకోనీ.

ఇక ఆట సంగతి. మొహం తీసేశాం కదా, ఇంక ఏమీ కాదని నా మనసులో ఉంది. నమ్మకాలు లేవన్నదాన్ని, కేలెస్తిస్ తల్లికి మొక్కు కూడా మొక్కాను. ఆడవాళ్ళ మెట్ల మీద, అందరికంటే పైన కూర్చున్నాను. మిగతా చిరుతలు తొందరగానే పడిపోయాయి. వేలోక్స్ పడలేదు. గోడ వెంట ఒకసారి నడిచి, వాడి వైపు తిరిగి, నువ్వు పరిచినట్టే దూకింది. అదే భుజం, అదే కండ. ఈటె తగిలింది గానీ దాని ఊపు ఆగలేదు. ఇద్దరూ ఇసుకలో కలిసిపోయారు. జనమంతా లేచి నిలబడ్డారు, నాకేమీ కనబడలేదు. నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. చచ్చినవాటినీ దెబ్బతిన్నవాళ్ళనీ బయటికి తెచ్చే ద్వారం దగ్గర కాపలావాడు అడ్డంగా ఈటె పెట్టాడు. "మేళం వాళ్ళకే లోపలికి. నువ్వెవరు?" అన్నాడు. ఇన్నాళ్ళూ పిల్లలున్నారా అని నన్ను ఎవరడిగినా నాకెవరూ లేరనేదాన్ని. "అమ్మని" అన్నాను. ఈటె తీశాడు.

బతికే ఉన్నాడు, కంగారుపడకు. ఎడమ భుజం చీల్చేసింది. వైద్యుడు కుట్లు వేశాడు, జ్వరం నిన్నటి నుంచి తగ్గింది. ఇవాళ బార్లీ జావ తాగాడు, ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు. చిరుత చచ్చిపోయింది. దాన్ని కూడా ఆ ద్వారం దగ్గరే పడుకోబెట్టారు. దగ్గరగా చూశాను, ఉంగరాల మీద ఇసుక అంటుకుని ఉంది. దాని మీద నాకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

మొన్న వాడికి మెలకువ రాగానే ఇంటికి పోదాం అన్నాను. శీతాకాలానికి మేళం లెప్తిస్ వెళ్తుందట, భుజం మానగానే తనూ వెళ్తాడట. కుట్లు తడి ఆరలేదు, అప్పుడే లెప్తిస్! తిట్టాను, ఏడ్చాను, పక్కనున్న జావ గిన్నె విసిరాను. వాడు ఆ నవ్వే నవ్వాడు. ఇసుకలోకి దిగాక గాని తనకి బతికున్నట్టు ఉండదట. ఏం చెప్పను వాడికి? నీకు చెప్పినా నువ్వు వినవు, వాడికి చెప్పినా వాడు వినడు, నా చుట్టూ ఉన్న మగాళ్ళందరూ రాళ్ళే.

రాత్రంతా ఆలోచించాను. మూడేళ్ళు వాడి పేరెత్తకుండా, వాడి వైపు చూడకుండా కూర్చున్నాను. నేను చూడనంతమాత్రాన పులులేమైనా దూకడం మానేశాయా? పక్కన ఎవరూ లేకుండా ఎన్నిసార్లు ఆ ద్వారంలోంచి బయటికి తెచ్చి పడుకోబెట్టారో వాణ్ణి. ఒంటి మీద పాత కుట్లు నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టదలుచుకోలేదు.

అందుకని చెప్తున్నాను, అడగడం లేదు. మేళంతో నేనూ లెప్తిస్ వెళ్తున్నాను. కొట్టు నువ్వు చూసుకో, తాళం పొరుగింటి సతుర్నీనా దగ్గరుంది. ఉంగరాలే పెట్టుకుంటావో, రెక్కలే పెట్టుకుంటావో నీ ఇష్టం. ఆడదానివి, ఈ వయసులో మేళం వెంట తిరుగుతావా అని వాడు గోల పెడుతున్నాడు. వాడి గోల ఎవరిక్కావాలి? ఏ ఊళ్ళో ఇసుకలోకి దిగినా, తలెత్తి చూస్తే పై మెట్టు మీద నేను కనబడాలి వాడికి.

ఇట్లు,
నంఫామో తల్లి సిద్దినా